చారాణా కోడికి బారాణా మసాలా: ఆన్‌లైన్ వేలాల్లో పోస్టేజి లెక్క

2025 వేసవిలో ఒక ఆదివారం రాత్రి. పాత నాణేలు, స్టాంపులు, పోస్టుకార్డులు వేలం వేసే ఒక వాట్సాప్ గ్రూపులో చార్మినార్ బొమ్మ ఉన్న పాత పిక్చర్ పోస్టుకార్డు ఒకటి కనిపించింది. నలభై రూపాయల దగ్గర పాట మొదలైంది. నేను వంద అన్నాను. ఆ పైన ఎవరూ పాడలేదు, కార్డు నాదైంది. మర్నాడు పొద్దున్నే అమ్మకందారు లెక్క పంపాడు: కార్డుకు 100, పోస్టేజికి 120, మొత్తం 220. చారాణా కోడికి బారాణా మసాలా అని హైదరాబాదులో ఊరికే అనరు.

ఐదో రోజున కవరు వచ్చింది. దాని మీద తపాలా వాళ్లు అంటించిన స్టిక్కరులో స్పీడ్ పోస్టు ఛార్జీ స్పష్టంగానే ఉంది: 41 రూపాయల 30 పైసలు. అసలు ఛార్జీ 35, దాని మీద 18 శాతం జీఎస్టీ. మరి మిగిలిన 78 రూపాయల 70 పైసలు ఎటు పోయినట్టు?

అడిగేశాను. ఆయన ఏమాత్రం తడుముకోలేదు. కార్డు వంగకుండా రెండు వైపులా అట్టముక్కలు, తడవకుండా ప్లాస్టిక్ కవరు, పైన మందపాటి కవరు, టేపు, పోస్టాఫీసుకు పోను రాను ఆటో, కౌంటరు దగ్గర ముప్పావు గంట. ‘ఆ ముప్పావు గంటకు నేను కూలి వేసుకోకూడదా సార్?’ అన్నాడు. వేసుకోవచ్చు. నేనైనా వేసుకుంటాను. కానీ ఆ రోజు ఆయన నా ఒక్క కార్డునే పట్టుకుని ఆటో ఎక్కలేదు. గ్రూపులో ఆ వారం అమ్ముడైన సరుకంతా సంచీలో వేసుకుని వెళ్లి ఉంటాడు. ఆటో ఒకటే, క్యూ ఒకటే, కూలి మాత్రం ప్రతి కవరు మీదా పడింది.

ఆన్‌లైన్ వేలాల్లో అమ్మేవాళ్లు పోస్టేజి పేరుతో ఎక్కువ లాగుతున్నారా అన్న తగువు ఆన్‌లైన్ వేలాలు పుట్టినప్పటి నుంచీ ఉంది. కొనేవాడు స్టిక్కరు చూపిస్తాడు, అమ్మేవాడు అట్టముక్కలు చూపిస్తాడు. ఇద్దరి దగ్గరా నిజం ఉంది కాబట్టి తగువు తెగదు. స్టిక్కరు మీది అంకెకూ మనం కట్టిన అంకెకూ తేడా ఎంత అన్నది చూస్తూ కూర్చుంటే ఏమీ తేలదు. ఆ డబ్బును వస్తువు ధరలో కలపకుండా పోస్టేజిలో పెట్టడం వల్ల అమ్మేవాడికి ఏం కలిసొస్తోంది అని అడిగితే మాత్రం చాలా సంగతులు బయటపడతాయి. కలిసొచ్చే చోట పోస్టేజి ఉబ్బుతుంది. కలిసిరాని చోట దానంతట అదే తగ్గుతుంది.

నిజంగా ఎంత ఖర్చవుతుంది?

ముందు అమ్మేవాళ్ల పక్షం వినడం న్యాయం. పార్సిల్ ఛార్జీలు గ్రాముల లెక్కన సాఫీగా పెరగవు, మెట్లు మెట్లుగా పెరుగుతాయి. 500 గ్రాముల మెట్టు మీద 10 గ్రాములు ఎక్కువైతే పై మెట్టు ఛార్జీ మొత్తం కట్టాల్సిందే. పుస్తకం 480 గ్రాములుంటుంది, అట్ట, టేపు కలిసి అది 530 అవుతుంది. అమ్మేవాడు వేలం పెట్టేనాటికి కొనేవాడు గుంటూరులో ఉంటాడో గౌహతిలో ఉంటాడో తెలియదు. అందుకే చాలామంది అతి దూరానికి, పై మెట్టుకు అయ్యే ఖర్చు ఊహించి ఒకే అంకె వేస్తారు. దగ్గరున్న వాళ్లకు అది ఎక్కువగానే కనిపిస్తుంది.

రెండోది పరిమాణం. ప్రైవేటు కొరియర్లు అసలు బరువు ఒక్కటే చూడవు. పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి, సాధారణంగా 5000తో భాగించి, వచ్చిన అంకె అసలు బరువు కన్నా ఎక్కువైతే దానికే ఛార్జీ వేస్తాయి. ఉదాహరణకు కొండపల్లి బొమ్మ. పొణికి చెక్కతో చేసేది కాబట్టి చేతిలోకి తీసుకుంటే తేలికగా ఉంటుంది. రంగు పోకుండా, చెయ్యి విరగకుండా పంపాలంటే చుట్టూ కాగితాలు కుక్కి 30, 20, 15 సెంటీమీటర్ల పెట్టెలో పెట్టాలి. గుణిస్తే 9000, 5000తో భాగిస్తే 1.8. అరకిలో కూడా లేని బొమ్మకు రెండు కిలోల ఛార్జీ పడుతుంది. కొన్నవాడికి కోపం రావడం సహజం. అమ్మినవాడు జేబులో వేసుకున్నది మాత్రం ఏమీ లేదు.

మూడోది ఛార్జీలే పెరగడం. 2025 అక్టోబరు 1 నుంచి స్పీడ్ పోస్టు రేట్లు మారాయి. స్థానికంగా కాక వేరే ఊరికి పంపే 50 గ్రాముల లోపు కవరుకు 35 రూపాయలున్నది 47 అయింది. జీఎస్టీతో కలిపి 55 రూపాయల 46 పైసలు. అదే ఏడాది రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేశారు. చిన్న కవరును చవగ్గా, రసీదుతో పంపుకునే దారి అలా మూసుకుపోయింది.

పుస్తకాల విషయంలో ఈ దెబ్బ ఇంకా ముందే తగిలింది. దశాబ్దాలుగా పుస్తకాలకు తపాలా శాఖలో ప్రత్యేకమైన తక్కువ రేటు ఉండేది. దేశంలో ఏ మూలకైనా ఐదు కిలోల పుస్తకాలు రిజిస్టర్డ్ బుక్ పోస్టులో 80 రూపాయలకే వెళ్లేవి. 2024 డిసెంబరు 18న ఆ సదుపాయం తీసేశారు. ఒక్కసారిగా ఖర్చు రెండు రెట్లకు పైగా పెరిగింది. తెలుగు పుస్తకాలను పోస్టులో పంపి బతికే చిన్న ప్రచురణకర్తలకు, అబిడ్స్ పేవ్‌మెంట్ల మీద, విజయవాడ లెనిన్ సెంటర్‌లో ఏరి తెచ్చిన పాత పుస్తకాలను ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్లకు అది చిన్న సంగతి కాదు. నిరసనలు వచ్చాక 2025 మే 1 నుంచి ‘జ్ఞాన్ పోస్టు’ మొదలైంది. 300 గ్రాముల లోపు 20 రూపాయలు, ఐదు కిలోల దాకా 100 రూపాయలు, పన్ను అదనం. అయితే క్రమం తప్పకుండా వెలువడే పత్రికలకు ఇది వర్తించదు. అంటే పాత నవలకు ఒక రేటు, ఆ నవల సీరియల్‌గా వచ్చిన పాత వారపత్రికకు మరో రేటు. పాత పత్రికలు సేకరించేవాళ్లు పోస్టేజి దగ్గర గతుక్కుమనడానికి కారణం ప్రతిసారీ అమ్మకందారు దురాశే కాదు.

అంచేత నా 78 రూపాయల 70 పైసల్లో సగమో, అంతకన్నా కాస్త ఎక్కువో న్యాయమైన ఖర్చే అని ఒప్పుకుంటాను. అసలు కథ మిగతా సగంలో ఉంది.

పాటలో తీసివేత మరిచినవాడు

మామూలు దుకాణంలో పోస్టేజి ఎక్కువైతే కొనకుండా వెళ్లిపోతాం. వేలం అలా కాదు. అక్కడ ధర ఎంతో కొనేవాళ్లే చెబుతారు. కాబట్టి పోస్టేజి ఎంతున్నా పాటలోంచి దాన్ని తీసేసుకోవచ్చు. అందరూ తీసేసుకుంటే ఏమవుతుందో చూద్దాం.

1950ల నాటి సినిమా పాటల పుస్తకం ఒకటి వేలానికి వచ్చిందనుకోండి. ముగ్గురు పాడుతున్నారు. ఇంటికి చేరేసరికి మొత్తం ఖర్చు ఇంతకు మించకూడదని ఎవరి మనసులో వాళ్లకు ఒక అంకె ఉంది. సుజాతకు 500, కిరణ్‌కు 480, రహీంకు 450. పోస్టేజి 50 అయితే సుజాత 450 దాకా, కిరణ్ 430 దాకా, రహీం 400 దాకా పాడతారు. కిరణ్ ఆగిన చోట, 430 దగ్గర, పాట సుజాతకు కొట్టేస్తారు. పోస్టేజితో కలిపి ఆమె కట్టేది 480. ఇప్పుడు అమ్మకందారు పోస్టేజిని 200 చేశాడు. ముగ్గురూ తీసివేత సరిగ్గా చేస్తే పాటలు 300, 280, 250 దగ్గర ఆగుతాయి. సుజాతకు 280కి వస్తుంది, పోస్టేజితో మళ్లీ 480. అమ్మేవాడికి పైసా లాభం లేదు, కొనేవాళ్లకు పైసా నష్టం లేదు. పోస్టేజి ఎంత పెంచితే పాట అంత తగ్గింది.

వేలాల్లో ఎక్కువ పోస్టేజి వల్ల ఎవరికీ నష్టం లేదని వాదించేవాళ్లు ఈ లెక్కే చూపిస్తారు. అయితే మనుషులు తీసివేత మరిచిపోతారు.

రహీం ఆ రాత్రి పోస్టేజి సంగతి పట్టించుకోకుండా నేరుగా 450 దాకా పాడదామనుకున్నాడు. పోస్టేజి 200 లెక్కవేసుకున్న సుజాత 300 దగ్గర ఆగిపోతుంది. పుస్తకం 300కు రహీంది. పోస్టేజితో 500. మనసులో 450 అనుకున్నవాడు 50 ఎక్కువ కట్టాడు. 500 దాకా ఇవ్వడానికి సిద్ధపడ్డ సుజాత ఖాళీ చేతులతో వెళ్లింది. అమ్మేవాడికి మాత్రం పెద్దగా మిగల్లేదు, 480 రావాల్సిన చోట 500 వచ్చింది. ఇంకో టీ తాగుతాడు, అంతే.

ఇప్పుడు కిరణ్ కూడా మరిచాడనుకోండి. మరిచిన ఇద్దరూ ఒకరి మీద ఒకరు పాడుకుంటూ పోతారు. రహీం 450 దగ్గర ఆగితే కిరణ్‌కు ఆ ధరకు వస్తుంది. పోస్టేజి 200 కలిస్తే 650. ఇద్దరు మరిచేసరికి అమ్మేవాడికి 170 రూపాయలు అదనంగా వచ్చిపడ్డాయి. అదే పోస్టేజి 50గా ఉన్నప్పుడు ఇదే ఇద్దరు మరిచి ఉంటే? కిరణ్ 450కి గెలిచి, పోస్టేజితో 500 కట్టేవాడు. అంటే అమ్మేవాడికి అదనంగా వచ్చేది 20 మాత్రమే. మరిచేవాళ్లు అదే ఇద్దరు. పోస్టేజి పెంచినందుకు ఆ మరుపు విలువ 20 నుంచి 170కి పెరిగింది.

వేలంలో ఇంకో ఇబ్బంది ఉంది. లెక్క సరిగ్గా వేసుకున్నవాళ్లు ముందే ఆగిపోతారు, మరిచినవాళ్లే చివరి దాకా మిగులుతారు. పాటకు వచ్చిన పదిమందిలో ఎనిమిదిమంది జాగ్రత్తపరులే అయినా ఫలితం నిర్ణయించేది తక్కిన ఇద్దరే. ‘మా దగ్గర కొనేవాళ్లందరూ తెలివైనవాళ్లే, పోస్టేజి చూసుకునే పాడతారు’ అని అమ్మేవాళ్లు చెప్పే మాటకు అందుకే బలం లేదు. తెలివైనవాళ్లు ఎక్కువమంది ఉంటే సరిపోదు.

ఇది కాగితం మీది లెక్క మాత్రమే కాదు. తంజిమ్ హొసేన్, జాన్ మోర్గాన్ అనే ఆర్థికవేత్తలు ఈబేలో సంగీతం సీడీలు, ఎక్స్‌బాక్స్ ఆటలు 80 వేలాల్లో తామే అమ్మి చూశారు. 2006లో ఆ ఫలితాలు ప్రచురించారు. కొన్ని వేలాల్లో పాట 4 డాలర్ల దగ్గర మొదలవుతుంది, పోస్టేజి సున్నా. మరికొన్నింట్లో పాట ఒక్క సెంటు దగ్గర మొదలవుతుంది, పోస్టేజి 3 డాలర్ల 99 సెంట్లు. రెండింట్లోనూ కనీసం కట్టాల్సింది 4 డాలర్లే. లెక్క ప్రకారం తేడా ఉండకూడదు. ఉంది. తక్కువ ధరకు మొదలుపెట్టి పోస్టేజి ఎక్కువ వేసిన వేలాలకు ఎక్కువమంది వచ్చారు, అమ్మేవాళ్లకు ఎక్కువ డబ్బు వచ్చింది. పోస్టేజి మరీ మితిమీరినప్పుడు మాత్రం ఈ మంత్రం అంతగా పనిచేయలేదు. కళ్లకు కొట్టొచ్చినట్టు కనిపిస్తే జనం మేలుకుంటారన్నమాట.

తరవాత వాళ్లిద్దరూ జెన్నిఫర్ బ్రౌన్‌తో కలిసి ఐర్లండ్ ఈబేలోనూ తైవాన్ యాహూ వేలాల్లోనూ ఐపాడ్‌లు అమ్మి చూశారు. 2010లో ప్రచురించిన ఆ పరిశోధనలో తేలింది ఇది: పోస్టేజిని వెంటనే కనిపించకుండా ఉంచినప్పుడు, దాన్ని పెంచినకొద్దీ అమ్మకందారు ఆదాయం పెరిగింది. పోస్టేజి తక్కువైతే బయటపెట్టుకోవడమే అమ్మేవాడికి లాభం. మన వాట్సాప్, ఫేస్‌బుక్ వేలాల్లో ‘పోస్టేజి అదనం’ అని రెండు మాటలు రాసి అంకె రాయకుండా వదిలేసే అలవాటు గుర్తొస్తోందా? వాళ్లు ఆ పరిశోధన చదివి చేసింది కాదు. అనుభవం నేర్పిన విద్య.

ఈబే చేసిన దిద్దుబాటు

1995లో పియరీ ఒమిడ్యార్ మొదలుపెట్టిన ఈబే చాలాకాలం పాటు అమ్ముడైన ధర మీదే కమిషన్ తీసుకునేది. పోస్టేజి మీద తీసుకునేది కాదు. అది అమ్మేవాడికి అయిన ఖర్చు, దాని మీద వాటా అడగడం తప్పన్నది అందులోని ఆలోచన. ఆలోచన మంచిదే. అయితే కొద్దికాలంలోనే ఒక సెంటు వస్తువులు, వాటికి పది, ఇరవై డాలర్ల పోస్టేజీలు పుట్టుకొచ్చాయి. ఇరవై డాలర్ల బేరంలో కమిషన్ పడేది ఒక సెంటు మీదే. పైగా ధర తక్కువ నుంచి ఎక్కువకు వరస పెట్టమంటే ఆ వస్తువే ముందు కనిపిస్తుంది. కొన్నవాడు మనసు మార్చుకుని వెనక్కి పంపితే సాధారణంగా తిరిగి ఇచ్చేది వస్తువు ధరే, పోస్టేజి కాదు. డబ్బును ధరలోంచి పోస్టేజిలోకి జరపడానికి అమ్మేవాడికి మూడు కారణాలు దొరికాయి. కొనేవాడి మరుపు నాలుగోది.

2007లో ఈబే అమ్మకందారులకు నక్షత్రాలిచ్చే పద్ధతి తెచ్చింది. అందులో పోస్టేజి న్యాయంగా ఉందా అన్నది ఒక ప్రశ్న. కొనేవాళ్ల తిట్లకు అక్కడ చోటు దొరికింది గానీ మూల కారణం అలాగే ఉంది. 2011లో అమెరికాలో ఈబే నేరుగా దాని మీదే చెయ్యి వేసింది. ఇకపై కమిషన్ మొత్తం సొమ్ము మీద, పోస్టేజితో సహా అన్నది. వేలంలో అమ్ముడైన వాటికి అప్పట్లో అది 9 శాతం.

ఒక సెంటు కిటుకుకు దాంతో పెద్ద ఆకర్షణ పోయింది. కానీ దిద్దుబాటుకు కూడా ఒక ఖరీదు ఉంది, దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. నిజాయితీగా అయిన ఖర్చే తీసుకునే అమ్మకందారు సంగతి చూడండి. పోస్టాఫీసులో 10 డాలర్లు కట్టాడు, కొన్నవాడి దగ్గర 10 డాలర్లే తీసుకున్నాడు. అందులో 90 సెంట్లు ఈబేకు పోయాయి. చేతికి పది రావాలంటే అతను దాదాపు 11 డాలర్లు అడగాలి. స్టిక్కరు మీద 10, లెక్కలో 11. కొన్నవాడి కళ్లకు అతనూ దొంగే. మోసగాళ్లను ఆపడానికి పెట్టిన నియమం నిజాయితీపరుణ్ణి కూడా ఎక్కువ వసూలు చేసేవాణ్ణి చేసింది.

ఇలాంటిదే అమెజాన్‌లో ఒక్క సెంటు పాత పుస్తకాల కథ. అది వేలం కాదు గానీ తర్కం ఒకటే. పాత పుస్తకానికి పోస్టేజిని అమ్మేవాడు కాక అమెజానే నిర్ణయించేది, 3 డాలర్ల 99 సెంట్లు. పుస్తకాలకు అమెరికా తపాలాలో ఉన్న చవక రేటుతో వేల సంఖ్యలో పంపేవాళ్లకు అసలు ఖర్చు అంతకన్నా తక్కువ. ఆ తేడాయే వాళ్ల బతుకుతెరువు. ధర ఒక సెంటుకు పడిపోయినా వ్యాపారం నడిచింది, ఎందుకంటే వాళ్లు నిజానికి అమ్ముతున్నది పోస్టేజిని.

‘ఉచితం’ ఎవరి ఖర్చు?

ఈ గొడవంతా ఎందుకని చాలా సైట్లు అమ్మేవాళ్లను పోస్టేజి ఉచితం వైపు నెట్టాయి. ఉచితమంటే ధరలో కలిసిపోయిందనే. మొత్తం ఒకే అంకెగా కనిపిస్తుంది కాబట్టి పైన చెప్పిన తీసివేత బాధ తప్పుతుంది. ఆ మేరకు మంచిదే. అయితే పక్క వీధిలో ఉన్నవాడు కూడా రెండు వేల కిలోమీటర్ల అవతల ఉన్నవాడి ఖర్చులో వాటా కడతాడు. మూడు వస్తువులు కొని ఒకే పెట్టెలో తెప్పించుకునేవాడు మూడు పోస్టేజీలు కట్టేస్తాడు, ఆ సంగతి అతనికి తెలియను కూడా తెలియదు.

ఒక్కోసారి ‘ఉచితం’ ఖర్చు అమ్మేవాడూ కొనేవాడూ ఇద్దరూ కాక ఇంకెవరో భరిస్తారు. చైనా నుంచి ఒక డాలరు వస్తువు పోస్టేజి లేకుండా అమెరికాలో ఇంటికి ఎలా చేరేదన్నది చాలామందికి వింతగా ఉండేది. విదేశీ చిన్న పార్సిళ్లను తన దేశంలో పంచిపెట్టినందుకు ఒక తపాలా శాఖ మరో తపాలా శాఖకు ఎంత కట్టాలో ప్రపంచ తపాలా సంఘం నిర్ణయిస్తుంది. వర్ధమాన దేశాలకు అందులో తక్కువ రేట్లుండేవి. ఆ వర్గీకరణ వల్ల చైనా నుంచి వచ్చే పార్సిల్, అమెరికాలోనే ఒక ఊరి నుంచి మరో ఊరికి పంపే పార్సిల్ కన్నా చవగ్గా వెళ్లేది. సంఘం నుంచి తప్పుకుంటామని 2018లో అమెరికా నోటీసిచ్చింది. 2019 సెప్టెంబరులో జెనీవాలో జరిగిన ప్రత్యేక సమావేశంలో ఆ రేట్లు మార్చుకున్నారు. పోస్టేజి దూరాన్ని బట్టి ఉంటుందని మనం అనుకుంటాం. దౌత్యాన్ని బట్టి కూడా ఉంటుంది.

ఆ దౌత్యం మన అమ్మకందారులకూ 2025లో తగిలింది. తక్కువ విలువ పార్సిళ్లకు ఉన్న సుంకం మినహాయింపును అమెరికా ఆగస్టు 29 నుంచి ఎత్తేసింది. దానికి నాలుగు రోజుల ముందే తపాలా శాఖ అమెరికాకు పార్సిళ్లు దాదాపుగా ఆపేసింది. తిరిగి మొదలైంది అక్టోబరు 15న, ప్రకటించిన విలువ మీద 50 శాతం సుంకం ఇక్కడే ముందుగా కట్టించుకునే పద్ధతితో. ఈబేలో నగలు, చేతిపనుల వస్తువులు అమెరికాకు అమ్మే చిన్నవాళ్లకు ‘పంపే ఖర్చు’ అన్న మాటకు అర్థమే మారిపోయింది. డల్లాస్‌లో ఉన్న తెలుగు కుటుంబం కళంకారీ చీర తెప్పించుకుంటూ పోస్టేజి ఎందుకింత అని అమ్మేవాళ్లను తిడితే, ఆ తిట్టు చేరాల్సిన చిరునామా వేరే.

మన దగ్గర చట్టం ఏమంటోంది

భారతదేశంలో ఆన్‌లైన్ వేలానికి పేరు తెచ్చింది బాజీ డాట్ కామ్. 2004లో ఈబే దాన్ని కొని ఈబే ఇండియాగా మార్చింది. 2017లో అది ఫ్లిప్‌కార్ట్ చేతికి వచ్చింది, 2018 ఆగస్టులో మూతపడింది. అప్పటి నుంచి పాత నాణేలు, స్టాంపులు, పుస్తకాల వేలాలు ఎక్కువగా ఫేస్‌బుక్, వాట్సాప్ గ్రూపుల్లోనే జరుగుతున్నాయి. అక్కడ కమిషన్ లేదు. కాబట్టి ఒక సెంటు కిటుకుకు అసలు కారణమే లేదు. అయినా పోస్టేజి ఉబ్బుతోందంటే మిగిలిన కారణాలు చాలునన్నమాట: తక్కువ ధరతో మొదలుపెట్టి జనాన్ని పోగుచేయడం, అంకె చివరిదాకా దాచడం, పాట గెలిచి డబ్బు కట్టకుండా మాయమయ్యేవాళ్ల వల్ల వచ్చే నష్టాన్ని కట్టేవాళ్ల మీద సర్దడం.

చట్టం లేక కాదు. 2020 నాటి వినియోగదారుల రక్షణ ఈ కామర్స్ నియమాల ప్రకారం అమ్మకందారు మొత్తం ధరను ఒకే అంకెగా చూపాలి, అందులో డెలివరీ, పోస్టేజి, ప్యాకింగ్ లాంటి ఛార్జీలూ పన్నూ విడివిడిగా ఎంతో చెప్పాలి. 2023 నవంబరు 30న కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ నోటిఫై చేసిన మార్గదర్శకాలు పదమూడు రకాల ఆన్‌లైన్ మాయలను తప్పుపట్టాయి. ముందు తక్కువ ధర చూపి చివర్లో ఒక్కో ఛార్జీ చుక్కలు చుక్కలుగా కలపడం వాటిలో ఒకటి. పన్ను ఎగ్గొట్టడానికి పోస్టేజి పనికొస్తుందా అంటే అదీ లేదు. జీఎస్టీ చట్టం 15వ సెక్షన్ ప్రకారం సరఫరాతో పాటు వసూలు చేసే ఇలాంటి ఖర్చులు కూడా వస్తువు విలువలో భాగమే.

చిక్కల్లా మినహాయింపులో ఉంది. వృత్తిగా, వ్యాపారంగా క్రమం తప్పకుండా కాకుండా సొంత హోదాలో అమ్ముకునే వ్యక్తికి ఆ 2020 నియమాలు వర్తించవు. తాతగారి స్టాంపుల ఆల్బం అమ్ముకునే మనిషికి ఆ మినహాయింపు ఉండాల్సిందే. కానీ వారం వారం యాభై వస్తువులు వేలం వేసే మనిషి కూడా గ్రూపులో ‘నా సొంత సేకరణ’ అనే రాస్తాడు. అతను వ్యాపారి అని తేల్చేదెవరు? నూట ఇరవై రూపాయల పోస్టేజి మీద ఫిర్యాదు రాయడానికి ఎవరు కూర్చుంటారు? నేనైతే కూర్చోలేదు.

కొత్త వస్తువుల్లో ఇంకో సంగతి ఉంది. పుస్తకం అట్ట మీద 200 అని ముద్రించి ఉంటే 250కి అమ్మడం కుదరదు. 200కు అమ్మి, పంపినందుకు 80 అని విడిగా చూపడం మామూలైపోయింది. ధరకు పైకప్పు ఉండి పోస్టేజికి లేనప్పుడు డబ్బు ఎటు పోతుందో చెప్పనక్కర్లేదు. పాత వస్తువులకు ఆ పైకప్పు ఉండదు కాబట్టి అక్కడ ఈ సాకు కూడా లేదు.

పోస్టేజి న్యాయమైనదా కాదా తేల్చడానికి నాకు తెలిసిన సులువైన పరీక్ష ఒక్కటే: రెండో వస్తువు. రెండు పోస్టుకార్డులు కొంటే తపాలా బరువు నాలుగు గ్రాములు పెరుగుతుంది, మెట్టు మారదు. అదే కవరు, అవే అట్టలు, అదే క్యూ. అమ్మేవాడు 120కి బదులు 240 అడిగితే అది పోస్టేజి కాదు, ధరే. 120 దగ్గరే ఆగితే, ఎక్కువో తక్కువో, అది నిజంగా పంపినందుకు తీసుకుంటున్న డబ్బు. ఈ ప్రశ్న పాట మొదలవక ముందే అందరూ చూసేలా గ్రూపులో అడగాలి. పాట గెలిచాక అడిగితే అది బేరం, ముందు అడిగితే అక్కడున్న మిగతా వాళ్లకు కూడా తీసివేత గుర్తొస్తుంది.

ఆ తరవాతి ఆదివారం నేను అడిగాను. అమ్మకందారు కాసేపు జవాబివ్వలేదు. పది నిమిషాలకు గ్రూపులో మెసేజి వచ్చింది: ఎన్ని కార్డులైనా ఒకే కవరు, పోస్టేజి 90. ఆ రాత్రి గోల్కొండ కార్డు కోసం పాట ఎప్పటికన్నా పైకి పోయింది, నాకు దక్కలేదు.